నడిమి గోడ ఊపిరి

పొద్దున్నే ఆ ఇంట్లో మొదట నిద్రలేచేది పాలగిన్నె మూత. అది వంటింట్లో ఠంగుమనగానే గదిలో మంచం మీద బాలింత ఉలిక్కిపడి, కళ్ళు తెరవకముందే చూపుడువేలు పసిదాని ముక్కు కింద పెట్టేది. ఈగ రెక్క విసిరినంత వెచ్చటి గాలి వేలికి తగిలితే అప్పుడు కళ్ళు తెరిచేది. తగలకపోతే వంగి చెవి ఆనించేది. అప్పటికీ తెలియకపోతే అరికాలు మీద చిటిక వేసేది. పసిది కెవ్వుమనేది. ఆ కేక విన్నాక ఆమె ప్రాణం కుదుటపడేది.

"మళ్ళీ ఏడిపించావా?" వంటింట్లోంచి అత్తగారు అరిచేది. "నిద్రపోయే పిల్లని లేపి, బతికున్నావా అని అడిగే తల్లిని నిన్నే చూశానమ్మా! గోడ చూడవే. గోడ బానే ఆడుతోందిగా!"

గోడ నిజంగానే బానే ఆడుతోంది.

గదికీ వంటింటికీ మధ్యనున్న గోడ అది. ఇంట్లో అందరికన్నా చిన్న ప్రాణం ఏదో, దానితోపాటు ఊపిరి తీస్తుంది. తీగ మీద ఆరేసిన దుప్పటి చిరుగాలికి ఉబ్బినట్టు, సున్నం వేసిన ఆ గోడ కాస్త ముందుకొస్తుంది, కాస్త వెనక్కి పోతుంది. పసివాళ్ళకి మొదటి పన్ను కనబడేదాకా అలా ఆడి, ఆ తర్వాత మామూలు గోడైపోతుంది. దానికెవరూ మేకు కొట్టరు. క్యాలెండరు ఎదురు గోడకుంది. ఇంటికొచ్చినవాళ్ళు చెప్పులు విప్పుతూ "పిల్లెలా ఉంది?" అనరు, "గోడెలా ఉంది?" అంటారు. కరెంటు మీటరు చూడ్డానికి వచ్చినతను కూడా గదిలోకి మెడ చాపి, "బావుందండీ, బావుంది" అని అంకెలు రాసుకుని వెళ్ళిపోయాడు.

అత్తగారు తన కొడుకుని వంటింట్లోంచే పెంచేసింది. ఆ గోడకి వీపు ఆనించి కూర్చుని ఉల్లిపాయలు తరుగుతుంటే, గదిలో వాడు నిద్రపోతున్నాడో, ఆకలిమీద ఉన్నాడో, ఇప్పుడే రాగం ఎత్తుకోబోతున్నాడో ఆమె వీపుకి తెలిసిపోయేది. "అందరికీ కళ్ళు మొహానుంటాయి. నాకు వీపునుండేవి" అని చెప్పుకునేది. ఆ గర్వం అబద్ధం కాదు. కొడుకు నిక్షేపంగా పెరిగాడు.

కోడలు మాత్రం కదలని గోడలున్న ఇంట్లో పుట్టి పెరిగింది. గోడని నమ్మలేదని కాదు. కళ్ళెదుట ఆడుతుంటే నమ్మక ఏం చేస్తుంది? కాకపోతే భయానికి నమ్మకంతో పని లేదు, దాని దారి దానిదే. పిల్ల నడినెత్తిన మెత్తగా కొట్టుకుంటున్న మాడుని చూస్తే భయం. ఎండి నల్లబడి, ఊడీ ఊడకుండా వేలాడే బొడ్డుని చూస్తే భయం. స్నానం చేయించేటప్పుడు మెడ జారుతుందని, పాలు తాగేటప్పుడు పొలమారుతుందని, బోర్లా పడుకోబెడితే మూతి నొక్కుకుపోతుందని, వెల్లకిలా పడుకోబెడితే కక్కినవి గొంతులో అడ్డుపడతాయని భయం. కడుపులో ఉన్నన్నాళ్ళూ పసిదానికి తిండివ్వడం, గాలివ్వడం అంతా ఒంటికే తెలిసిపోయింది. బయటికొచ్చాక ప్రతిదీ చేత్తో చెయ్యాలి. చేయి తప్పు చేస్తుంది.

పైగా పిల్లని కన్నది ఆమె ఒక్కతే. సలహాల్ని మాత్రం వీధి వీధంతా కనింది. ఒకావిడ కాళ్ళు గట్టిగా చుట్టమంటుంది. ఇంకొకావిడ చుట్టొద్దంటుంది. "ఇంత భయపడితే పాలు విరిగిపోతాయే" అని మూడో ఆవిడ ఇంకో భయం చేతికిచ్చి వెళ్ళిపోతుంది. భయపడకు అని చెప్పడానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఆమెకి తెలియని భయాన్ని ఒకదాన్ని గుమ్మంలో దించే పోయారు.

ఒక్క నర్సమ్మ మాత్రం పనికొచ్చే మాట చెప్పింది. ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు గడ్డం పట్టుకుని, "అన్నిటికీ భయపడకు, ఓపిక సరిపోదు. మూడిటికే భయపడు. పాలు మానేసినా, డొక్కలెగరేస్తూ ఊపిరి తీసినా, పిలిస్తే పలక్కుండా వేలాడినా, ఎవర్నీ అడక్కు. ఫోన్ కూడా చెయ్యకు. పట్టుకొచ్చెయ్" అంది.

పసిదాని తండ్రి బస్టాండు పక్కన తాళాలు బాగుచేస్తాడు. బీరువా అంత కొట్టు, అందులో గోడ నిండా తాళంచెవులు. పుట్టిన రోజున దాన్ని చూసి, "ఇంతేనా! పిడికెడుందే!" అన్నాడు. పేరింకా పెట్టలేదు కాబట్టి ఆ మాటే పేరైంది. సాయంత్రం ఇంటికి రాగానే, "పిడికెడుగారు లేచారా? కొలువు తీరారా?" అంటూ గుమ్మంలోంచే వంగి దండం పెడతాడు. అంతే. ఎత్తుకోడు. ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. ఎత్తుకోమంటే సబ్బుతో మోచేతులదాకా కడుక్కుంటాడు, మళ్ళీ కడుక్కుంటాడు, వేళ్ళు వాసన చూసుకుంటాడు, "ఇంకా ఇనప రజను ఉందేమో" అని వెనక్కి తగ్గుతాడు.

"తాళాలు అంత సుతారంగా విప్పుతారు, పిల్లని పట్టుకోలేరా?" అంది బాలింత ఒకసారి.

"తాళం పాడైతే ఇంకోటి కొనుక్కుంటారు" అన్నాడతను, నవ్వకుండా.

మొదటి టీకాకి పసిదాన్ని బయటికి తీసుకెళ్ళినప్పుడు ఒక సంగతి జరిగింది. గడప దాటగానే గోడ ఆగిపోయింది, ఫ్యాను స్విచ్చి కట్టేసినట్టు. అత్తగారు దానికోసమే కాచుకునుంది. గబగబా చీపురు తీసి గోడకి పట్టిన బూజంతా దులిపేసింది. గోడ ఆడుతున్నప్పుడు దులపడానికి వీల్లేదు. చీపురు పుల్ల తగిలితే చాలు, పసిదానికి ఎక్కిళ్ళొస్తాయి. వాళ్ళు తిరిగొచ్చి గడపలో కాలు పెట్టేసరికి గోడ మళ్ళీ ఊపిరందుకుంది. "రండి, రండి. ఇదిగో, మీకన్నా ముందు ఇదే చెప్పింది మీరొచ్చారని" అంది అత్తగారు చీపురు మూలన పెడుతూ.

పసిపిల్లల ఊపిరి తిన్నగా ఉండదు. నాలుగు గుక్కలు గబగబా తీసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగుతారు. ఆ ఆగినప్పుడల్లా గోడా ఆగేది. ఆ కాస్తలో బాలింత ఊపిరి కూడా ఆగిపోయేది. మళ్ళీ గోడ ఉబ్బేదాకా ఆమె గుండె నోట్లోనే. ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టే మనిషి. మిషను చప్పుడులో ఒక్క కుట్టు తప్పినా తల ఎత్తే అలవాటు. ఇప్పుడు రోజంతా తప్పే కుట్లే.

ఒకరోజు గోడ ఆ తప్పడం మానేసింది.

పొద్దున్న పాలగిన్నె మూత మోగింది. ఆమె లేచి చూసేసరికి గోడ నెమ్మదిగా, తీరుబడిగా, భోంచేసి పడుకున్న పెద్దమనిషిలా ఊపిరి తీస్తోంది. ఆగడాల్లేవు, ఉరుకుల్లేవు. అత్తగారు గరిటె చేత్తోనే వచ్చి చూసి, మొహం చేటంత చేసుకుంది.

"చూశావా! ఊపిరి గాడిలో పడింది. ఇంక నీకూ నాకూ బెంగ లేదు. పడుకోవే తల్లీ, కళ్ళు చూసుకున్నావా ఎలా లోపలికి పోయాయో. కాసేపు పడుకో."

నిజం చెప్పాలంటే ఆ రోజే బాలింత మొదటిసారి గోడని మనసారా నమ్మింది. భయపడి భయపడి మనిషి ఎంత అలిసిపోతుందంటే, ఎవరైనా ఇంక చాలు అంటే చాలు, కాళ్ళ మీద పడిపోవాలనిపిస్తుంది. వేలు పసిదాని ముక్కు కింద పెట్టడానికి బదులు అరచెయ్యి గోడకి ఆనించి పడుకుంది. చేతికింద గోడ లేస్తోంది, దిగుతోంది. ఆ ఊపుకి ఆమెకి జోలపాట పాడినట్టు నిద్ర ముంచుకొచ్చింది.

పసిది కూడా ఏడవలేదు. ఆ పగలంతా పడుకునే ఉంది. మర్నాడు కూడా.

"ఎంత బుద్ధిమంతురాలో మా పిడికెడు" అంది అత్తగారు. "తండ్రిలా కాదు. వాడు నన్ను పీక్కుతినేశాడు."

"ఈ మధ్య ఆ బూడిదరంగు పిల్లి కూడా గొడవ చెయ్యడం లేదే?" అన్నాడు తాళాలాయన అన్నం తింటూ. పాలకోసం కాళ్ళకి చుట్టుకుంటూ తిరిగే పిల్లి అది. మొన్నటిదాకా పొట్ట నేలకి రాసుకుంటూ నడిచేది.

"ఎక్కడికి పోయిందో. అటకమీది నా పాత శాలువా కూడా కనబడ్డం లేదు. ఇంట్లో అన్నీ నన్నడక్కుండా నడిచిపోతున్నాయి" అంది అత్తగారు. అక్కడితో ఆ మాట ఆగిపోయింది. ఇల్లంతా ఇంత ప్రశాంతంగా ఉంటే పిల్లి సంగతి ఎవరిక్కావాలి?

భయమనేది చెడ్డ చుట్టం. పొమ్మంటే పోయినట్టే పోయి, పెరటి గుమ్మంలోంచి వస్తుంది. రెండోరోజు మధ్యాహ్నం బాలింతకి రొమ్ములు రాళ్ళలా గట్టిపడి, సలిపి మెలకువ వచ్చింది. జాకెట్టు తడిసిపోయింది. పిల్ల పాలు తాగి ఎంతసేపైందా అని గుర్తు తెచ్చుకోబోయింది. గుర్తు రాలేదు. పిల్లని ఒళ్ళోకి తీసుకుని రొమ్ము అందించింది. పెదాలు తెరుచుకున్నాయి, పట్టుకోలేదు. పాలబొట్టు నోట్లోంచి బుగ్గ మీదికి జారి చెవిలోకి పోయింది. పసిది దానికి కూడా మొహం చిట్లించలేదు.

"పిడికెడూ" అంది. "అమ్మా, ఏయ్, పిడికెడూ."

అరికాలు మీద చిటిక వేసింది. కేక రాలేదు. నీళ్ళలో నానిన పిల్లి కూతలా సన్నగా ఒక మూలుగు వచ్చింది.

ఆమె అప్పుడు గోడ వంక చూసింది. గోడ నెమ్మదిగా, నిబ్బరంగా లేస్తోంది, దిగుతోంది. ఏమీ కాలేదు అంటోంది. ఆమె పసిదాని చొక్కా గుండీలు విప్పి ఎద చూసింది. డొక్క కింద గుంట పడుతోంది. పడుతోంది, పోతోంది, పడుతోంది, పోతోంది. ఎవరో లోపల్నుంచి దారంపట్టి లాగుతున్నట్టు.

ఎడమ అరచెయ్యి గోడ మీద పెట్టింది. కుడి అరచెయ్యి పసిదాని గుండెల మీద పెట్టింది. కళ్ళు మూసుకుంది. పక్కపక్కన రెండు మిషన్లు నడుస్తుంటే ఏది వేగమో కళ్ళు మూసుకుని చెప్పగలదామె. గోడ ఒక్కసారి లేచి దిగేలోపు పసిదాని ఎద మూడుసార్లు ఎగిరింది.

చేతులు మార్చి మళ్ళీ చూసింది. మళ్ళీ మూడే.

"అత్తయ్యా!"

అత్తగారు తడిచెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. మొదట గోడ వంకే చూసింది.

"ఏమైందే? బానే ఉందిగా."

"గోడ బానే ఉందత్తయ్యా. పిల్ల బాలేదు."

"అదేం మాట? గోడ బావుంటే పిల్ల బావున్నట్టే."

"చెయ్యి పెట్టి చూడండి. ఇక్కడ ఒకటి, అక్కడ ఒకటి. రెండూ కలవడం లేదు."

"నాకు చెయ్యి పెట్టి చూడాల్సిన ఖర్మ లేదు. నా వీపుకి తెలుసు. నా కొడుకుని పెంచిన గోడే అది. వాళ్ళ నాన్నని పెంచిన గోడ. ఇన్నాళ్ళలో ఒక్కసారి అబద్ధం చెప్పలేదు. నిన్నగాక మొన్నొచ్చి నువ్వు తప్పు పడతావా?"

"అబద్ధం చెప్పిందని నేనన్నానా? ఎంత సత్యవంతుడైన సాక్షైనా ఎవరి గురించి చెబుతున్నాడో అడగాలిగా! ఇది నా పిల్ల గురించి చెప్పడం లేదు."

"మరెవరి గురించి చెబుతోంది, నా గురించా? నేను పసిపిల్లనా?"

వాదనలో జవాబు లేనివాళ్ళు ఓడిపోయినట్టే లెక్క. కానీ ఒళ్ళో పిల్ల ఉన్నవాళ్ళు గెలుపోటముల కోసం ఆగరు. ఆమె ఫోన్ తీసి చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, దుప్పటి వెతకడం మొదలెట్టింది.

"ఏవండీ, పిల్ల పాలు తాగడం లేదు. ఊపిరికి డొక్కలెగరేస్తోంది. నేను ఆసుపత్రికి పోతున్నా."

అటునుంచి తాళంచెవులు గలగలా రాలిన చప్పుడు. "అమ్మేమంటోంది? గోడెలా ఉంది?"

"పాలు గోడ మానేసిందా, పిల్ల మానేసిందా? తిన్నగా అక్కడికే రండి" అని పెట్టేసింది.

అత్తగారు గుమ్మానికి అడ్డంగా నిలబడింది. పొగరుతో కాదు. ఆవిడ మొహంలోనూ భయముంది, ఇంకో రకం భయం. "మబ్బు పట్టింది. పచ్చిబాలింతవి. ఈ గాలిలో పిల్లని తిప్పి నిజంగా ఏమైనా తెచ్చుకుంటే? గోడని కాదని గడప దాటినవాళ్ళు ఈ ఇంట్లో ఎవరూ లేరే."

"అయితే నేనే మొదటిదాన్ని. జరగండత్తయ్యా."

అత్తగారు జరిగింది. ఎందుకు జరిగిందో ఆవిడకే తెలియదు.

వీధి చివర దొరికిన ఆటో అతను కిక్కు కొడుతూ అలవాటుగా, "గోడెలా ఉందమ్మా?" అన్నాడు.

"గోడ సంగతి అడక్కు. తోలు."

దారంతా ఆమె పిల్లని జాకెట్టులోపల ఒంటికి ఆనించుకుని కూర్చుంది. గుంతలో పడ్డప్పుడల్లా ఒక్క క్షణం ఏమీ తెలిసేది కాదు. అదురుతోంది ఆటోనా, తన గుండెనా, పిల్ల గుండెనా? ప్రతి గుంత దగ్గరా ఆమె ఒకసారి పిల్లని పోగొట్టుకుని మళ్ళీ దొరికించుకుంది. ఎర్రలైటు దగ్గర ఆగినప్పుడు ఒక స్కూలు బస్సులోంచి పిల్లలు చేతులూపారు. వాళ్ళందరూ ఒకప్పుడు ఇంతే ఉండేవాళ్ళని, అందరూ బతికారని ఆమెకి నమ్మబుద్ధి కాలేదు.

ఇంట్లో అత్తగారు కాసేపు గుమ్మంలోనే నిలబడింది. తర్వాత కొంగు దోపుకుని లోపలికొచ్చింది. చేతులకి పని లేకపోతే ఆవిడకి తోచదు. పిల్ల గడప దాటింది కాబట్టి గోడ ఆగి ఉంటుంది, బూజు దులుపుదామని చీపురు తీసింది. కళ్ళు అటకవైపు, ఆలోచన ఆసుపత్రివైపు. చీపురు గోడకి ఆనించింది.

చీపురు చేతిలోనే కాస్త వెనక్కి తోసుకొచ్చింది.

గోడ ఆడుతోంది.

అత్తగారు అలాగే బిగుసుకుపోయింది. పిల్ల ఇంట్లో లేదు. వీధిలో లేదు. గోడ మాత్రం అదే తీరుబడితో లేస్తోంది, దిగుతోంది. ఆ నిశ్శబ్దంలో, ఇంట్లోనే ఎక్కడో, చాలా సన్నగా ఎవరికో ఎక్కిళ్ళొచ్చాయి.

ఆవిడ చీపురు వదిలేసి, తలుపు తీసిందో వేసిందో తెలియకుండా, చెప్పుల్లేని కాళ్ళతో వీధిలోకి పరిగెత్తింది.

ఆసుపత్రిలో జుట్టు ముడేసుకున్న పడుచు డాక్టరమ్మ పసిదాని ఎద చూసిందే తప్ప ఇంకేం అడగలేదు. "లోపలికి" అంది. గాజుతలుపు మూసుకుంది. బాలింత ఒడి ఖాళీ అయిపోయింది. చేతులు ఇంకా పిల్లని పట్టుకున్నట్టే వంగి ఉన్నాయి. వాటిని ఎలా దించాలో తెలియలేదు. తాళాలాయన వచ్చి పక్కన నిలబడ్డాడు, చొక్కా నిండా ఇనప రజను. గాజులోంచి చూస్తే చిన్న గొట్టం, పెద్ద యంత్రం, మధ్యలో పిడికెడు.

కాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చింది. "ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. మందు ఎక్కిస్తున్నాం, ఆక్సిజన్ పెట్టాం. ఇప్పుడే ఏం చెప్పలేను. ఎలా కనిపెట్టారు? ఈ వయసు పిల్లలకి జ్వరం కూడా సరిగ్గా రాదు. బుద్ధిగా పడుకున్నారు అనుకుంటారు అందరూ. రేపటిదాకా ఆగుంటే..." అంటూ మిగతా మాట మింగేసింది.

మింగేసిన ఆ మాట దగ్గర్నుంచి బాలింత వెనక్కి లెక్కపెట్టుకుంది. రెండు రోజులు. తను గోడ మీద చెయ్యేసి హాయిగా నిద్రపోయిన రెండు రోజులు.

అప్పుడే అత్తగారు రొప్పుకుంటూ వచ్చింది. పాదాలకి బురద. వచ్చి కోడలి చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, గోడ ఆగలేదే."

"ఏంటమ్మా?" అన్నాడు కొడుకు.

"పిడికెడు బయటికొచ్చేసింది, గోడ ఇంకా ఆడుతూనే ఉంది. చీపురు తగిలితే ఎవరికో ఎక్కిళ్ళొచ్చాయి. మన పిల్లకన్నా చిన్నదెవరో ఉన్నార్రా ఇంట్లో."

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. భయంలో కూడా వరసలుంటాయని బాలింతకి ఆ క్షణాన తెలిసింది. అత్తగారి భయం తన భయం కన్నా పెద్దది. ఆవిడ వీపుకున్న కళ్ళు ఒక్క మధ్యాహ్నంలో పోయాయి మరి.

"నువ్వు చెయ్యి పెట్టి చూడమన్నావు" అంది అత్తగారు. "చూసుంటే సరిపోయేది."

బాలింత చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

తాళాలాయన తలుపు వెయ్యడానికి ఇంటికెళ్ళి, సంగతేంటో తేల్చుకుని ఫోన్ చేశాడు. వంటింటి అటక మీద, అత్తగారి పాత శాలువాలో బూడిదరంగు పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టుకుని పడుకునుంది. అన్నిటికన్నా ఆఖరున పుట్టింది కాబోలు, ఒకటి చూపుడువేలంత ఉంది. గోడ దానితోపాటే ఊపిరి తీస్తోంది.

"ఓసి దీని దుంపతెగ" అని అత్తగారు మొదలెట్టి, నవ్వబోయి, ఏడ్చేసింది.

పిడికెడు బతికింది. ఒక్కరోజులో కాదు, ఒక్కపెట్టునా కాదు. ఒకపూట బావుందనేవాళ్ళు, ఒకపూట చూద్దామనేవాళ్ళు. గాజు ఇవతల ముగ్గురికీ ముద్ద గొంతు దిగేది కాదు. చివరికి ఒక ఉదయం గాజు అవతల్నుంచి కేక వినబడింది, ఆకలి కేక. వరండాలో ఉన్న వేరే పిల్లల తల్లులు కూడా తలెత్తి చూశారు. బాలింత జాకెట్టు అక్కడికక్కడే తడిసిపోయింది.

ఇంటికొచ్చాక అత్తగారు పిల్లి పంచాయితీ పెట్టింది. "దాన్ని పిల్లలతో సహా ఎక్కడైనా దూరంగా దింపి వచ్చెయ్యరా. అది పోతే గోడ మళ్ళీ మన పిల్లది అవుతుంది."

"వద్దు" అంది బాలింత, పిల్లకి పాలు పడుతూ.

"ఏం, ఎందుకొద్దు? దాని మూలాన్నే కదే ఇంతా అయింది."

"అది ఏం చేసిందత్తయ్యా? పిల్లల్ని కనింది. అంతేగా నేనూ చేసింది. అదీ బాలింతే. ఎక్కడికి పోతుంది? గదిలోకి రాకుండా తలుపేసుకుందాం. డాక్టరమ్మ కూడా అంతే చెప్పింది."

"మరి గోడో?"

"గోడ ఎవరిదైతే ఏంటి? మనకి కళ్ళున్నాయిగా. మొహానున్నవి."

అత్తగారికి చురుక్కుమంది. కానీ ఆ పూట నుంచి ఉల్లిపాయల చాట గదిలోకి వచ్చింది. గోడకి కాదు, ఉయ్యాలకి ఎదురుగా కూర్చుని తరిగేది. కళ్ళనీళ్ళు కారుతుంటే మోచేత్తో తుడుచుకుంటూ, పసిదాని ఎద వంక గుచ్చి గుచ్చి చూసేది. "ఇదేంటే, ఆగింది!" అనేది. "ఆగి తీస్తుందత్తయ్యా, చూడండి" అనేది కోడలు. "తీసింది, తీసింది" అనేది అత్తగారు. కొత్తగా కన్నతల్లిలా ఆవిడకి ఇప్పుడు అన్నిటికీ భయమే.

కొన్నాళ్ళకి, ఆదివారం మధ్యాహ్నం, తాళాలాయన ఇంట్లో ఉన్న పూట, గోడ ఆగింది.

ఉబ్బుతూ ఉబ్బుతూ సగంలో ఆగిపోయింది. గదిలో ముగ్గురూ ఒక్కసారే లేచారు. ముగ్గురూ ఒక్కవైపే తిరిగారు. గోడవైపు కాదు, ఉయ్యాలవైపు. పిడికెడు నోరు తెరిచి, పిడికిళ్ళు బిగించి, ఎవరితోనో తగువాడుతున్నట్టు ఊపిరి తీస్తోంది. బానే తీస్తోంది.

"మరి..." అని బాలింత తల తిప్పేసరికి అత్తగారు అక్కడ లేదు. వంటింట్లో స్టూలు కిర్రుమంది.

"చల్లగా ఉందే!" అటక మీదినుంచి ఆవిడ గొంతు. "ఆఖరుది! మిగతావి తోసేశాయి, పక్కన పడుంది. ఒరేయ్, నువ్వు చొక్కా విప్పు!"

"నేనా?"

"బాలింత పసిదాన్ని పెట్టుకుని పిల్లిపిల్లని పట్టుకుంటుందా? నా ఒంట్లో వేడెక్కడిది? విప్పరా!"

అతను వంటింట్లోకి వెళ్ళి చొక్కా విప్పాడు. చేతులు కడుక్కోవడానికి వ్యవధి ఇవ్వలేదు ఎవరూ. అత్తగారు ఆ చూపుడువేలంత ప్రాణాన్ని తెచ్చి అతని గుండెల మీద పెట్టి, రెండు చేతులూ తనే పట్టుకుని దాని మీద మూసింది. "గట్టిగా కాదు. వదులుగానూ కాదు. తాళంలో చెవి పెట్టినట్టు."

అతను ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. గుమ్మంలోంచి బాలింత చూస్తోంది, పిల్లని భుజాన వేసుకుని. తల్లిపిల్లి అటక అంచున కూర్చుని చూస్తోంది. సున్నపు గోడ సగం ఉబ్బి అలాగే ఉంది. పొయ్యి మీద పాలు పొంగి మంట మీద పడి చుయ్యిమన్నా ఎవరూ కదల్లేదు.

గోడ చిన్నగా అదిరింది. ఆగింది. మళ్ళీ అదిరింది. తర్వాత, చాలాసేపు మునిగి తేలినవాళ్ళు తీసేటంత పెద్ద ఊపిరి తీసింది. పైనుంచి కాస్త సున్నం రాలి అత్తగారి జుట్టులో పడింది.

"అమ్మా, కదిలింది" అన్నాడతను. "నా చేతుల్లోనే కదిలింది."

పిల్లిపిల్ల వెచ్చబడి, దాని తల్లి కడుపులోకి చేరి, పాలు పట్టుకున్నాక అతను వెళ్ళి చేతులు కడుక్కున్నాడు, మోచేతులదాకా, సబ్బుతో, ఒక్కసారే. ఉతికిన చొక్కా వేసుకుని గదిలోకొచ్చి బాలింత ఎదురుగా నిలబడ్డాడు. వేళ్ళు వాసన చూసుకోలేదు. చేతులు చాపాడు.

"ఇలా ఇవ్వు" అన్నాడు.

ఆమె ఇచ్చింది. మెడ కింద చెయ్యి ఎలా పెట్టాలో చెప్పబోయి ఆగింది. అతను పెట్టే ఉన్నాడు.

"పిడికెడుగారూ" అన్నాడు మెల్లగా, "మిమ్మల్ని చూస్తే ఇప్పటికీ భయమేనండీ." పిడికెడుగారు అతని గుండీ పట్టుకుని, వదల్లేదు.

బాలింత మంచం మీద ఒరిగింది. అత్తగారు ఉయ్యాల పక్కన చాట ముందేసుకుని కొడుకు చేతుల్లోని ఎదనే చూస్తోంది. గోడ దాని లెక్కన అది లేస్తోంది, పిల్ల దాని లెక్కన అది. రెండూ కలవడం లేదు. కలవక్కర్లేదు. బాలింత గోడకి వీపు పెట్టి పడుకుని, వేలు ఎవరి ముక్కు కిందా పెట్టకుండా, కళ్ళు మూసుకుంది.